పాముకాటు తిన్నవాడు ఆసుపత్రిలో కోరునదేమి?

తొలకరి పనులు మొదలైనది మొదలు పాముకాటులు హెచ్చుచుండును. మంత్రగానియొద్ద కాలము పోగొట్టక, కట్లు బిగింపక, గాటు పెట్టక, ఆ అవయవమును కదలనీయక ఆసుపత్రికి పోవలయునని రైతు సోదరులకు పలుమారు చెప్పియున్నాము. ఆసుపత్రి చేరిన పిమ్మట ఆ మనుష్యుని మనస్సునకు కావలసినదేమో విచారించువారు అరుదు. మేము వైద్యులము కాము. కాని రోగులతో కూడ పోయినవారము.

వాని మొదటి ప్రశ్న 'బ్రతుకుదునా?' అనునది. చెప్పులు లేక గడ్డి కోయనేల యని మందలించుటకు అది సమయము కాదు.

డాక్టరు కొంచెము రక్తము తీసి పొడి గాజుగొట్టములో పోసి 20 నిముషములు కదపక ఉంచును. అది గడ్డకట్టనియెడల పింజరిజాతి విషము రక్తములో చేరినదని తెలియును. సంగతి యెరుగని బంధువులు 'సూది వేయక గొట్టము చూచుచు కూర్చున్నారేమి?' అని కలహింతురు. ప్రతివిషపు సూదివలన దద్దురులు, ఆయాసము కలుగుట కలదు గనుక విషలక్షణములు లేనివానికి దానిని వేయరు, కనిపెట్టియుందురు. ఇది ఒక్క మాటలో ముందుగా చెప్పినచో ఆ 20 నిముషములు రోగికి యుగములుగా తోచవు. డాక్టరు చెప్పనిచో మర్యాదగా అడుగవలెను.

కట్లపాము సంగతి వేరు. అది రాత్రివేళ నేలపై పండుకొన్నవారిని కరచును. వాపుండదు, నొప్పి స్వల్పము. తరువాత కనురెప్పలు వాలును, నాలుక మొద్దుబారును, ఊపిరి నిలుచును. యంత్రముచేత ఊపిరి ఇత్తురు. రోగి శవమువలె పడియుండును. కాని ఆ విషము నరములు కండరములను కూడుచోట పట్టునేగాని మెదడును పట్టదు. కదలలేకున్నను అతడు వినుచుండవచ్చును! మంచముచెంత బంధువులు 'ఇక లాభము లేదు' అనుటయు, అప్పుల లెక్కలు తీయుటయు ఆ చెవిని పడును. ఇంతకంటె క్రూరమైనది మాకు తోచదు. అతనిని వరుసపెట్టి పిలిచి, పగలో రాత్రియో చెప్పి, 'యంత్రము నీ బదులు ఊపిరి తీయుచున్నది. విషము విడిచినకొలది నీవే తీయుదువు' అనవలెను. బలము వచ్చుటకు కొన్ని దినములు పట్టవచ్చును.

ఖర్చు భయమును గలదు. ప్రభుత్వాసుపత్రులలో ప్రతివిషము ఉచితము. ప్రాణాపాయమున నున్నవానికి ముందు చికిత్స చేయవలయునని సుప్రీంకోర్టు 1989లో తీర్పు చెప్పినది. 2005 నుండి 108 బండి కలదు. పామును చంపి తేనక్కరలేదు. కాటు వేళ తెలిసినవా డొకడు తోడుండిన చాలును.

రైతునకు మరియొక చింత గలదు: ఎడ్లకు మేత వేసిరా, నారుమడికి నీరు పెట్టిరా? సంఘసభ్యు లిద్దరు ఆ పని చూచి, ఆ సాయంకాలమే ఆసుపత్రికి కబురు పంపవలెను.