ఓడినా ఉన్న జట్టు

బేస్‌బాల్ అభిమానికి క్రొత్త సంవత్సరం జనవరిలో రాదు. అమెరికాలో ఆ ఆటల సీజను ఆరంభమయ్యే మార్చి చివరి దినాలలో వస్తుంది. ఆనాడు ప్రతి జట్టుకూ గెలుపులు సున్న, ఓటములు సున్న. అందరూ సమానులే, అందరికీ ఆశ ఉన్నది. వారం పది రోజులు గడిచేసరికి ఆ సమానత్వం చెదరిపోతుంది. నిరుడు చెలరేగి ఆడిన బ్యాట్స్‌మన్ బంతిని తాకలేడు. గెలిచినట్లే అనుకొన్న ఆట చివరి ఇన్నింగ్సులో చేజారుతుంది. అభిమాని గొణుగుడు అక్కడినుండి మొదలవుతుంది.

ఆ గొణుగుడును బాగా ఎరిగిన ఊరు సియాటిల్. అమెరికా వాయవ్య మూలన, వానలకూ కాఫీకీ పేరుపడిన నగరమది. ఏప్రిల్‌లో అక్కడ ఇంకా చలి వదలదు. చల్లని గాలికి సాంద్రత ఎక్కువ గనుక, బలంగా కొట్టిన బంతి కూడ వేసవిలో వెళ్లినంత దూరం వెళ్లదు. కొట్టినవాని చేతిలో లోపం లేకున్నా ఫలితం దక్కదు.

లెక్కలు చూచి ఊరట పొందడానికి అవకాశం లేకపోలేదు. సీజనులో ఒక్కొక్క జట్టు 162 ఆటలు ఆడుతుంది. మంచి జట్టు సైతం వాటిలో అరవై, డెబ్భై ఆటలు ఓడుతుంది. 1995లో సియాటిల్ జట్టు మేరినర్స్ ఆగస్టు మొదట్లో అగ్రస్థానంలోని జట్టుకు 13 ఆటలు వెనుకబడి ఉండి కూడ, తుదకు తన విభాగంలో విజేత అయినది. కాబట్టి ఏప్రిల్‌లోనే తీర్పు చెప్పడమంటే, తొలి మాసపు పరీక్ష చూచి విద్యార్థి భవిష్యత్తును నిర్ణయించడం వంటిది. అయితే ఇది బుద్ధికి నచ్చినంత సులభంగా మనసుకు నచ్చదు. ఏప్రిల్‌లో ఓడిన ఆట సెప్టెంబరులో తిరిగి రాదు. పట్టికలో రెండింటి బరువూ ఒక్కటే.

అటువంటప్పుడు మనిషికి కావలసినది తన గోడు వినే చెవి. అది కాఫీ షాపులో దొరుకుతుంది. సియాటిల్‌కు కాఫీతో అనుబంధం చిన్నది కాదు. ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక రచయిత కలిసి 1971లో స్థాపించిన స్టార్‌బక్స్ అక్కడే పుట్టి, ప్రపంచమంతటా విస్తరించినది. 1975లో విశ్వవిద్యాలయం ప్రక్కన ఒక సందులో వెలసిన కెఫే అల్లెగ్రో వంటివి ఊరిని విడువక, ఊరివారికే చిరపరిచితాలైనవి. సామాజిక శాస్త్రవేత్త రే ఓల్డెన్‌బర్గ్ 1989లో వెలువరించిన గ్రంథంలో ఇటువంటి చోట్లను ‘మూడవ స్థలాలు’ అన్నాడు. మొదటిది ఇల్లు, రెండవది పనిచేసే చోటు, మూడవది పదిమంది కూడి మాట్లాడుకొనే చోటు. అక్కడ హోదాతో పని లేదు. మన పల్లెల రచ్చబండ అటువంటిదే.

రాత్రి జట్టు ఓడిన మరునాటి ఉదయం, అలవాటైన షాపులో అడుగుపెట్టిన అభిమాని తన బాధను విప్పి చెప్పనక్కరలేదు. కాఫీ కలిపే మనిషి ముఖం చూచే గ్రహించి కప్పు ముందుంచుతాడు. పిచర్‌ను మార్చడంలో ఆలస్యం చేశారని ప్రక్క బల్లనుండి ఒకరు విమర్శిస్తారు, మరొకరు ఖండిస్తారు. కప్పు ఖాళీ అయ్యేసరికి ఓటమి గెలుపుగా మారదు. కాని అది ఒక్కని ఓటమిగా మిగలదు.

సియాటిల్‌లో ఈ గొణుగుడుకు వెనుక ఒక పాత గాయం ఉన్నది. 1969లో ఆ నగరానికి పైలట్స్ అనే జట్టు వచ్చినది. ఆ సీజనులో 64 ఆటలు గెలిచి, 98 ఓడినది. యాజమాన్యం దివాలా తీసినది. 1970లో సీజను ఆరంభానికి వారం రోజులే ఉన్నదనగా జట్టు మిల్వాకీ నగరానికి తరలిపోయి, బ్రూవర్స్‌గా పేరు మార్చుకొన్నది. ఆ ఏప్రిల్‌లో సియాటిల్ అభిమానికి ఓటమి బాధ లేదు, జట్టే లేదు. తిట్టుకొనడానికైనా ఏమీ మిగలలేదు. ఏడు ఏప్రిల్ మాసాలు ఆ విధంగానే గడచినవి.

1977 ఏప్రిల్ 6న మేరినర్స్ తొలి ఆట ఆడినది. ప్రత్యర్థి 7 పరుగులు చేయగా, తాను ఒక్కటి కూడ చేయలేదు. రెండవ ఆటలోనూ అదే సున్న. సీజను ముగిసేసరికి 64 గెలుపులు, 98 ఓటములు. సరిగ్గా పైలట్స్ లెక్కే! ఓటములకంటె గెలుపులు మించిన సీజను 1991 దాక రాలేదు. 2001లో 116 ఆటలు గెలిచి, 1906నాటి రికార్డును అందుకొన్నా, తుది సమరమైన వరల్డ్ సిరీస్‌కు చేరలేదు. 2025లో దాని గుమ్మం దాక వెళ్లి, ఏడవ ఆటలో టొరంటో జట్టు చేతిలో ఒక్క పరుగు తేడాతో ఓడి తిరిగి వచ్చినది.

ఇన్ని జరిగినా మళ్లీ మార్చి చివర ఆ అభిమాని ఆశపడతాడు, ఏప్రిల్‌లో విసుగుకొంటాడు. ఆ విసుగును మనం తేలికగా చూడరాదు. అది మమత ఉన్నచోటనే పుడుతుంది. పరీక్ష తప్పిన విద్యార్థిని ఉపాధ్యాయుడు మందలించవచ్చు, మళ్లీ చదివించవచ్చు. బడికే రావడం మానుకొన్న పిల్లవాని ఖాళీ స్థానం చూచినప్పుడు కలిగే బాధ వేరు. 1970 ఏప్రిల్‌లో సియాటిల్ చూచినది అటువంటి ఖాళీ స్థానాన్నే. కనుకనే ఓడిన జట్టును తిట్టుకొంటూ కాఫీ త్రాగే ఉదయాలు ఆ ఊరివారికి అంత ప్రియమైనవి.