ఒకే ఐడీకి ఇద్దరు శ్రీనివాసరావులు

1971లో రే టామ్లిన్సన్ అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో పక్కపక్కనే ఉన్న రెండు పీడీపీ-10 కంప్యూటర్ల మధ్య తొలి నెట్‌వర్క్ మెయిల్ పంపాడు. @ గుర్తుకు ఎడమవైపు మనిషి పేరు, కుడివైపు కంప్యూటర్ పేరు. ఒక కంప్యూటర్‌లో ఖాతాల జాబితా ఒక్కటే కాబట్టి, ఉన్న పేరే మళ్లీ ఇస్తే అదే కుదరదనేది. 1983లో పాల్ మొకపెట్రిస్ డొమైన్ పేర్ల వ్యవస్థ డీఎన్ఎస్ రూపొందించాక కూడా ఈ పంపకం మారలేదు. డొమైన్ పేర్లు కలవకుండా ఆ వ్యవస్థ చూసుకుంటుంది. @కు ఎడమవైపు బాధ్యత ఆ డొమైన్ సొంతదారుది.

చిక్కంతా పెద్ద కంపెనీల్లో వచ్చింది. ఊరికో ఆఫీసు, ఆఫీసుకో సర్వర్, బయటికి మాత్రం డొమైన్ ఒకటే. ఉద్యోగుల వివరాలు భద్రపరిచే డైరెక్టరీకి 1988లో ఎక్స్.500 అనే ప్రమాణం వచ్చింది. అది మామూలు కంప్యూటర్లు మోయలేనంత బరువు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో టిమ్ హోవ్స్ తదితరులు దాన్ని తేలిక చేసి ఎల్‌డాప్ తెచ్చారు. ఆ బాటలోనే 2000లో మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ వచ్చింది.

అందులో ఒక ఉద్యోగి రికార్డు తెరిస్తే ‘ప్రాక్సీ అడ్రసెస్’ అనే గడి ఉంటుంది. ఒకటి కన్నా ఎక్కువ చిరునామాలు పడతాయి. ముందు ‘ఎస్ఎంటీపీ’ అని కేపిటల్ అక్షరాల్లో ఉన్నది అసలు ఐడీ. చిన్న అక్షరాల్లో ఉన్నవి అదనపువి, పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆవిడ పాత ఐడీ లాంటివి. ఒకరి గడిలో ఉన్నది ఇంకొకరి గడిలో రాస్తుంటే డైరెక్టరీ దానంతటది ఆపదు. ఆపడం తేలిక కూడా కాదు. ప్రతి సర్వర్‌లోనూ డైరెక్టరీ నకలు ఒకటి ఉంటుంది, దేనిలోనైనా రాయొచ్చు, రాసింది కాసేపటికి మిగతావాటికి చేరుతుంది. హైదరాబాద్‌లో ఒక అడ్మిన్, లండన్‌లో ఇంకో అడ్మిన్ ఒకే ఐడీని కొద్ది నిమిషాల తేడాలో ఇచ్చారనుకోండి. ఇద్దరూ వెతికే ఇచ్చారు, ఇద్దరికీ ఖాళీగానే కనిపించింది. లాగిన్ పేర్లు ఇలా కలిస్తే డైరెక్టరీయే ఒకదానికి ‘డూప్లికేట్’ అని తగిలించి పేరు మార్చేస్తుంది. మెయిల్ ఐడీకి ఆ పాటి దిక్కు కూడా లేదు.

ఇక ఆ ఐడీకి మెయిల్ వస్తే మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వరైన ఎక్స్చేంజ్ ఎవరికీ ఇవ్వదు. చిరునామా ఎవరిదో తేలడం లేదని 5.1.4 అనే కోడ్‌తో తిప్పికొడుతుంది. జీతం స్లిప్ పరాయివాడి చేతిలో పడటం కన్నా బౌన్స్ కావడమే నయం.

సొంత పేరు, చుక్క, ఇంటిపేరు అనే మూసలో ఐడీలు పుట్టించే పద్ధతి మనవాళ్ల దగ్గర తొందరగా బెడిసికొడుతుంది. ఇంటిపేరు పొడి అక్షరమైపోయి, శ్రీనివాస ఒక గడిలో, రావు ఇంకో గడిలో పడితే అలాంటివాళ్లు ఆఫీసులో ఇంకెందరో! అప్పుడు సాఫ్ట్‌వేర్ రెండో ఆయనకు 2 తగిలిస్తుంది. కంప్యూటర్‌కు గొడవ తీరింది. రాసేవాళ్లు ఆ 2 మర్చిపోతారు, ఉత్తరాలు మొదటాయనకు పోతాయి.

నా లెక్కలో మందు ఒకటే: ఐడీ ఇచ్చే చోటు ఒక్కటే ఉండాలి. ఉద్యోగి నంబరు ఆధారంగా ఒకే ప్రోగ్రాం ఇవ్వాలి, అది ఒకే సర్వర్‌ను అడగాలి. అడిగేటప్పుడు ‘మెయిల్’ గడి ఒక్కటే చూస్తే చాలదు, అందులో అసలు ఐడీయే కనిపిస్తుంది. ప్రాక్సీ గడులు చూడాలి, గ్రూపులనూ బయటి కాంటాక్టులనూ వదలకూడదు; వాటికీ ఐడీలుంటాయి.

ఇంత చేసినా కాలం తెచ్చే కలయిక మిగిలే ఉంది. 2013లో యాహూ, ఏడాదికి పైగా ఎవరూ తెరవని ఐడీలను కొత్తవాళ్లకు ఇచ్చింది. వాళ్లలో కొందరికి పాత సొంతదారుల ఉత్తరాలు వచ్చిపడ్డాయి. దాంతో 2014లో ఒక కొత్త ప్రమాణం తెచ్చారు. ‘ఫలానా తేదీ నుంచి ఈ ఐడీ ఇదే మనిషిదైతేనే ఇవ్వు, లేకపోతే వెనక్కి పంపు’ అని ఉత్తరంతో పాటే సర్వర్‌కు చెప్పే ఏర్పాటు అది.