గొల్లభామ అడిగిన ప్రశ్న

గొల్లకలాపం పేరు విన్నారా? ఒకప్పుడు మన గోదావరి జిల్లాల్లో జనం దీన్ని ఇష్టంగా చూసేవారు.

కలాపం అంటే ఆట, పాట, మాట కలిసిన నాటకం. గొల్లకలాపాన్ని భాగవతుల రామయ్య రాశారు. ఇందులో రాజులు లేరు. యుద్ధాలు లేవు. ముఖ్యమైన పాత్రలు రెండే. ఒకరు గొల్లభామ, రెండోవారు బ్రాహ్మణుడు.

గొల్లభామ చల్ల అమ్ముకుని బతికే మనిషి. ఆమెకు అందం ఉంది, నోరూ ఉంది. బ్రాహ్మణుడు చదువుకున్నవాడు. తన కులమే గొప్పదని అతని నమ్మకం. చల్ల అమ్మే ఆమెకు ఏం తెలుసులే అనుకుంటాడు. ఆమె ఊరుకోదు. బ్రాహ్మణుడు అంటే ఎవరు, పుట్టుకతో అవుతాడా, నడతతో అవుతాడా అని నిలదీస్తుంది.

ఇక వాదన మొదలు. తల్లి కడుపులో బిడ్డ నెలనెలా ఎలా పెరుగుతుందో ఆమె వివరిస్తుంది. దీన్నే పిండోత్పత్తి అంటారు. అందరూ అలాగే పుడతారు కదా! మరి ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ ఎలా అయ్యారు? యజ్ఞం అంటే ఏమిటో కూడా ఆమే విడమరిచి చెబుతుంది. పండితుడు చెప్పాల్సిన సంగతులు గొల్లభామ చెబుతుంటే జనానికి నవ్వు వస్తుంది. ఆ నవ్వుతోనే ఆలోచనా వస్తుంది.

ఇంగ్లండులోనూ ఇలాంటి నాటకం ఒకటి ఉంది. దాని పేరు 'యాజ్ యు లైక్ ఇట్'. షేక్‌స్పియర్ దాన్ని 400 ఏళ్ల క్రితం రాశాడు. అందులో కోరిన్ అనే గొర్రెల కాపరిని రాజసభ విదూషకుడు ఎగతాళి చేస్తాడు. కోరిన్ తొణకడు. నా తిండి నేను సంపాదించుకుంటాను, ఎవరినీ చూసి ఏడవను అంటాడు.

మరి గొల్లభామ వేషం ఎవరు కట్టేవారు? కృష్ణా జిల్లా కూచిపూడిలో బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్లు కట్టేవారు. మన వైపు కళావంతుల స్త్రీలు కట్టేవారు. ముమ్మిడివరానికి చెందిన అన్నాబత్తుల బులి వెంకటరత్నమ్మ కలాపాలు ఆడి పేరు తెచ్చుకున్నారు.

వేషం ఉన్నంతసేపు ఆమె మాట చెల్లింది. వేషం తీశాక? చప్పట్లు కొట్టిన జనమే ఆ కులాన్ని చిన్నచూపు చూశారు. ఆడపిల్లలను దేవుడి పేరుతో గుడికి ఇచ్చేసే ఆచారం ఉండేది. దానివల్ల ఎందరో బాధలు పడ్డారు. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆ ఆచారాన్ని చట్టంతో ఆపింది. అప్పుడు మన జిల్లా మద్రాసు కిందే ఉండేది. ఆచారం పోవడం మంచిదే. కాని దానితోపాటు గుడిలో ఆటా ఆగింది. నేర్చిన విద్య చాలామందికి కూడు పెట్టలేదు. తర్వాత నటరాజ రామకృష్ణ అలాంటి కళాకారిణుల దగ్గర ఆ విద్యను తెలుసుకున్నారు. ఆంధ్రనాట్యం పేరుతో మళ్లీ వేదిక ఎక్కించారు.

గొల్లభామ అడిగిన ప్రశ్న మాత్రం నాటకంతో అయిపోలేదు. చేసే పనిని బట్టి, పుట్టిన కులాన్ని బట్టి మనిషి తెలివిని కొలవవచ్చా?

మాట్లాడుకోండి:
1. బ్రాహ్మణుడు గొల్లభామను ఎందుకు తేలిగ్గా చూశాడు?
2. ఆటను మెచ్చుకుని ఆడినవారిని చిన్నచూపు చూడడం న్యాయమేనా?
3. మీ ఊళ్లో కలాపం చూసిన పెద్దవాళ్లు ఉన్నారా? వాళ్లను అడిగి, విన్నది నాలుగు మాటల్లో రాయండి.