అఖండదీపమూ, నలభై రెండవ రోజూ

ద్రాక్షారామ భీమేశ్వరాలయానికి పోయిన యాత్రికులు అక్కడి స్తంభాల మీది అక్షరాలను సాధారణంగా గమనించరు. దర్శనానికి నిలుచున్నప్పుడు చేయి ఆనించుకొనడానికే ఆ స్తంభాలు వారికి ఉపయోగపడతవి. కొంచెం తీరిక చేసికొని చూచినవారికి గోడల మీదా, స్తంభాల మీదా వందలకొలది శాసనాలు కనిపిస్తవి. వానిలో పెక్కు పదకొండు, పన్నెండు శతాబ్దాల నాటివి. రాజుల దండయాత్రల కొరకు వెదకేవారికి వీనిలో చాలా భాగం విసుగు పుట్టించవచ్చును. ఎందుచేతనంటే ఎక్కువ శాసనాలు చెప్పే సంగతి ఒక్కటే: ఫలానావారు ఫలానా రోజున స్వామికి ఒక అఖండదీపం పెట్టినారు.

పెట్టినవారిలో రాజులూ రాణులూ ఉన్నారు, మంత్రులూ సైనికులూ ఉన్నారు, వర్తకులూ ఉన్నారు. అఖండదీపం అనడం సులభమే. రాత్రింబగళ్లు, గోదావరికి వరద వచ్చిన రోజున కూడా, ఆరకుండా ఉండవలసిన దీపమది. దాత ఊరు విడిచి పోవచ్చును, మనస్సు మారవచ్చును, మరణించవచ్చును. మన స్వంత సంకల్పాలకు ఎదురయ్యే ఇబ్బందులూ ఇవే కదా! ఉగాది నాడు రేపటి నుండి తెల్లవారుజామున లేస్తామంటాము, పొగ త్రాగడం మానుతామంటాము, ఆంగ్లమో సంస్కృతమో నేర్చుకొంటామంటాము. శ్రీరామనవమి పానకం నాటికి ఆ మాట ఇంట్లో ఎవరికీ జ్ఞాపకం ఉండదు.

శాసనాలు వ్రాయించినవారు ఏమి చేసినారో చూడండి. ‘భక్తితో నిత్యమూ దీపం వెలిగిస్తాను’ అని వారు వ్రాయించలేదు. ఒక పశువుల మందను దానం చేసినారు. చాలా శాసనాలలో ఆ సంఖ్య ఏభై. ఆ మందను ఒక కాపరికి అప్పగించినారు. ఆ కాపరి పేరు కూడ రాతి మీద ఉంటుంది. పేరు చివర తరచుగా ‘బోయ’ అని కనిపిస్తుంది. మందను స్వీకరించినందుకు ఆ కాపరీ, తరువాత కొడుకులూ, మనుమలూ రోజుకు మానెడు నెయ్యి కొలిచి పోయవలెను. దీనికి సాక్షి రాయి. ఈ ధర్మానికి హాని చేసినవారికి పట్టే పాపం ఎటువంటిదో కూడ చివర చెప్పినారు. ఆ పంక్తులు చదివితే ఇప్పటికీ కొంచెం జంకు కలుగుతుంది.

ఇక్కడ ‘మానెడు’ అనే మాట మాకు మిక్కిలి నచ్చినది. ఉత్సాహాన్ని కొలిచే మానిక లేదు, నెయ్యిని కొలవవచ్చును. దాత తన కోరికను రాయికి అప్పగించి, పనిని మాత్రం కొలతకూ, వేళకూ, మనిషికీ అప్పగించినాడు. ఒకనాడు తనకు భక్తి తక్కువైనా దీపానికి నెయ్యి తక్కువ కాకుండా చూచుకొన్నాడు.

ఇప్పుడు మన ఇండ్ల సంగతికి వద్దాము. గోదావరి జిల్లాలలో ఏటా కార్తికమాసం రాగానే వేలకొలది మగవారు అయ్యప్ప మాల వేస్తారు. నల్లబట్టలు, తెల్లవారకముందే చన్నీటి స్నానం, చాప మీద నిద్ర, కాళ్లకు చెప్పులు లేకుండా నడక. నలభై ఒక్క రోజులు మద్యం లేదు, చుట్ట లేదు, సిగరెట్టు లేదు. ఇరవై ఏండ్లుగా విడువలేని అలవాటును ఒక్క ఉదయంలో విడిచినవారు ఎందరో! ఆ నలభై ఒక్క రోజులూ కూలిడబ్బు పూర్తిగా ఇంటికి వస్తుంది. రాత్రులు కేకలు ఉండవు. పిల్లలు తండ్రి పక్కన కూర్చుండి చదువుకొంటారు. మాల తీసిన సాయంత్రానికే వీరిలో కొందరు మళ్లీ పాత చోటికి పోతారు. నలభై రెండవ రోజున ఆ ఇల్లాలి ముఖం చూచినవారికి ఈ వ్యాసం ఎందుకు వ్రాస్తున్నామో వేరుగా చెప్పనక్కరలేదు.

‘వాడికి నిగ్రహం లేదు’ అని పెద్దలు తీర్పు చెపుతారు. మాకు ఈ తీర్పు సమ్మతం కాదు. నిగ్రహం లేనివాడు నలభై ఒక్క రోజులు ఎట్లా నిలబడినాడు? మాల మెడలో ఉన్నన్నాళ్లూ అతని చుట్టూ ఉన్న ప్రపంచమే మారింది. భార్యాబిడ్డలతో సహా ఊరంతా ‘స్వామీ’ అని పిలిచినారు. సాయంకాలం గడిపే చోటు సారాదుకాణం కాక భజన మందిరమైనది. తోడు ఉండేవారు మారినారు, వేషం మారింది, మేలుకొనే వేళ మారింది. మాలతో పాటు వీనినన్నిటినీ ఒక్కసారిగా తీసివేసినారు. మందను తోలుకొని పోయిన తరువాత దీపంలో నెయ్యి ఎక్కడి నుండి వస్తుంది?

నలభై ఒక్క రోజుల గడువు గురించి కూడ ఒక మాట చెప్పవలె. లండను యూనివర్సిటీ కాలేజీలోని పరిశోధకులు 96 మందిని పన్నెండు వారాలు గమనించి, 2010లో తమ ఫలితాలను అచ్చువేసినారు. తినడం, త్రాగడం, వ్యాయామం వంటి వానిలో ఏదో ఒక చిన్న పనిని ప్రతివారూ రోజూ ఒకే సందర్భంలో చేయవలెనని నియమం. ఆ పని ఆలోచన లేకుండానే జరిగిపోయే అలవాటుగా మారడానికి కొందరికి 18 రోజులు చాలునని, కొందరికి 254 రోజుల దాకా పట్టునని లెక్కకు వచ్చింది. మధ్యస్థ సంఖ్య 66. మంచినీరు త్రాగడం వంటివి త్వరగా అలవడినవి; వ్యాయామం ఆలస్యమైనది. కనుక మండలం రోజులు చాలామందికి ఆరంభమే కాని ముగింపు కాదు. ఆ పరిశోధనలో తేలిన మరొక సంగతి ఊరట కలిగించేది: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడడానికి చెప్పుకోదగిన నష్టం కలుగలేదు. ఒకనాడు తప్పగానే ‘ఇక వ్రతభంగమైనది’ అని మొత్తం విడిచిపెట్టేవారు ఈ మాటను గుర్తుంచుకోవలెను.

జర్మనీకి చెందిన మనస్తత్వశాస్త్రవేత్త పీటర్ గాల్విట్జరు 1999లో వ్రాసిన ప్రసిద్ధ వ్యాసం ఒకటి ఉన్నది. ‘వ్యాయామం చేస్తాను’ అనుకొన్నవారి కన్న ‘ఫలానా చోట, ఫలానా పని ముగియగానే చేస్తాను’ అని ముందుగానే నిశ్చయించుకొన్నవారే ఎక్కువగా నెరవేర్చుకొంటారని అందులోని సారాంశం. ఇది చదివినప్పుడు మాకు పురోహితుడు చెప్పించే సంకల్పం జ్ఞాపకం వచ్చింది. ఏ నదుల నడుమ కూర్చున్నామో, ఏ సంవత్సరమో, ఏ మాసమో, ఏ తిథో, ఏ వారమో, మనం ఎవరమో అన్నీ చెప్పిన తరువాతనే కదా చేయబోయే పని పేరు వచ్చేది! మనం ఆ భాగాన్ని గబగబ దాటించివేసి, కోరిక దగ్గర మాత్రం గొంతు పెంచుతాము.

అమెరికా దేశపు బెంజమిన్ ఫ్రాంక్లిను యువకుడుగా ఉన్నప్పుడు పదమూడు సుగుణాల పట్టిక వ్రాసికొని, వారానికి ఒక్కదాని మీదనే దృష్టి నిలిపి, తప్పు జరిగిన రోజున చిన్న పుస్తకంలో నల్లచుక్క పెట్టుకొనేవాడు. అందులో క్రమపద్ధతి అనే గుణం మాత్రం తనకు చివరి దాకా పట్టుబడలేదని స్వీయచరిత్రలో ఒప్పుకొన్నాడు. అంతటివాడే అన్నిటినీ ఒకేసారి పట్టుకోలేదు.

మా అనుభవమూ కొంత చెప్పుకోవలె. కొన్నేండ్ల క్రితం రక్తంలో చక్కెర హెచ్చినదని, రోజూ నడవవలెనని వైద్యుడు మాతో చెప్పినారు. వెంటనే ఉదయం నాలుగున్నరకు లేవడం, ఐదు కిలోమీటర్ల నడక, మిఠాయి మానడం, ఆసనాలు, పడుకోబోయే ముందు పది పుటల పఠనం - అన్నీ ఒక్క ముహూర్తాన పెట్టుకొన్నాము. పదకొండవ రోజుకు ఒక్కటీ మిగలలేదు. రేడియో ఉద్యోగంలో ఒక వారం తెల్లవారకముందే మైకు ఎదుట ఉండవలె, ఒక వారం అర్ధరాత్రి ఇల్లు చేరవలె. నాలుగున్నర అనే గంట మాకు నిలుకడగా లేనే లేదు. ఈ చిన్న సంగతి పదకొండు రోజులైన తరువాత కాని తట్టలేదు.

రెండవసారి ఒక్కటే పెట్టుకొన్నాము. ఏ వేళ డ్యూటీ దిగినా సరే, ఇంటికి పోకముందు కాలువగట్టున ఇరవై నిమిషాలు నడవడం. నడక జోళ్లు ఆఫీసు బీరువాలోనే ఉంచినాము. ఇంట్లో ఉంచితే వాని కొరకు పోయినవారు మంచం చూచి ఆగిపోతారు. గట్టు చివర టీ దుకాణం ఉన్నది. మేము రెండు రోజులు కనిపించకపోతే అతడు ‘ఏమండీ, ఒంట్లో బాగాలేదా?’ అని అడుగుతాడు. ద్రాక్షారామపు రాయి వలె శాపాలు పెట్టడు కాని, ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కూడ కష్టంగానే ఉంటుంది. తుఫాను వచ్చిన వారం నాలుగు రోజులు నడక సాగలేదు. ఐదవనాడు గట్టంతా బురద. జోళ్లు చేత పట్టుకొని నడిచినాము.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా మాల తీసే రోజు వచ్చినప్పుడు, నల్లబట్టలు మడిచి పెట్టకముందే కూర్చుండి మాట్లాడుకోండి. తెల్లవారుజామున లేవడం ఉంచుకొంటారా? సాయంకాలం భజనకు పోయే ఆ గంటను పిల్లల పాఠాలకు ఇస్తారా? వెంట నడిచిన గురుస్వామిని వారానికొకసారి భోజనానికి పిలుస్తారా? ఒక్కటి చాలును. అది ఏదో, ఏ వేళకో, ఎవరి ఎదుటనో గోడ మీది క్యాలెండరు మీద వ్రాయండి, పెన్సిలుతో కాదు.