మానని పుండుకు మందు చూపిన చిట్టెలుక

పొదటూరుపేట పరిసర గ్రామాలలో పొలం పనికి వెళ్ళేవారి కాలికి ముల్లు గుచ్చుకోవడం, రాయి తగలడం సామాన్యమైన విషయం. చాలామందికి అటువంటి గాయం కొద్ది రోజులలోనే మానిపోతుంది. మధుమేహం, అనగా షుగరు వ్యాధి ఉన్నవారికి మాత్రం అది నెలల తరబడి మానకపోవచ్చు. కొందరికి చివరకు కాలినే తొలగించవలసిన దుస్థితి కలుగుతుంది. ఈ భేదానికి గల కారణాలలో ఒకటి, చర్మ కణాలకు అందవలసిన ఒక సందేశం సరిగా అందకపోవడం. ఆ సందేశాన్ని మోసే ప్రోటీనును శాస్త్రజ్ఞులు తొలుత చిట్టెలుకలలో కనుగొన్నారు.

అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ మగ చిట్టెలుకల లాలాజల గ్రంథుల నుండి రసం తీసి, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కించారు. సాధారణంగా రెండు వారాలకు కన్ను తెరిచే పిల్లలు వారానికే తెరిచాయి. పండ్లు కూడా ముందుగానే మొలిచాయి. దీనికి కారణమైన ప్రోటీనును ఆయన వేరుచేసి 1962లో ప్రకటించారు. ఇది 53 అమైనో ఆమ్లాలు గల చిన్న గొలుసు. చర్మపు పైపొరను పెంచుతుంది గనుక దీనికి ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ అని పేరు వచ్చింది. ఈ పరిశోధనలకు 1986లో కోహెన్‌కు, రీటా లెవీ మాంటాల్సినీకి కలిపి నోబెల్ బహుమతి లభించింది.

ఈ ప్రోటీను కణం లోపలికి వెళ్ళి పని చేయవలసిన అవసరం లేదు. కణం వెలుపలి పొరపై దీనిని గుర్తించే గ్రాహకాలు ఉంటాయి. తాళానికి తాళంచెవి అమరినట్లు ప్రోటీను గ్రాహకానికి అమరుతుంది. అప్పుడు రెండు గ్రాహకాలు జతకూడి, కణం లోపలి వైపున రసాయన మార్పును కలిగిస్తాయి. ఆ మార్పు ఒకదాని నుండి మరొకదానికి సాగి కేంద్రకాన్ని చేరుతుంది. కణం రెండుగా విభజన చెందుతుంది. గాయం అంచున ఉన్న కణాలు ఇలా పెరిగి, జరిగి, పుండును కప్పివేస్తాయి.

మనిషి శరీరంలోనూ ఇటువంటి ప్రోటీనే ఉన్నది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ దానిని జన్యు సాంకేతికతతో తయారుచేసి, మధుమేహ రోగుల పాదాల పుండ్లకు రీజెన్-డి అనే పేరుతో పూతమందుగా అందించింది. 1996లో ఈ సంస్థను స్థాపించిన కృష్ణ ఎల్ల తిరుత్తణి ప్రాంతపు నెమిలి గ్రామంలో రైతు కుటుంబంలో జన్మించినవారు. 2022లో ఆయనకు, సతీమణి సుచిత్రకు పద్మభూషణ్ పురస్కారం ప్రకటించారు.

అయితే మందు ఉన్నదని పుండును అశ్రద్ధ చేయరాదు. మధుమేహంలో నరాలు మొద్దుబారి నొప్పి తెలియదు. కాలికి రక్తప్రసరణ తగ్గుతుంది. చీము, చచ్చిన కండ తొలగించి, రక్తంలో చక్కెరను అదుపులో ఉంచినప్పుడే ఇటువంటి పూతమందు తగిన ఫలితమిస్తుంది. కణాల విభజన హద్దు మీరితే క్యాన్సరు అవుతుంది. కొన్ని క్యాన్సర్లలో ఈ గ్రాహకాలే అతిగా పనిచేస్తాయి. అందుచేత వైద్యుని సలహా లేనిదే దీనిని వాడకూడదు. లాలాజలంలో మేలు చేసే ప్రోటీను ఉన్నదని గాయానికి ఉమ్మి రాయడమూ తప్పే, ఎందుకంటే నోటిలోని క్రిములు పుండును మరింత చెడగొడతాయి.

షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా పొలానికి వెళ్ళరాదు. రాత్రి పడుకొనే ముందు పాదాలు కడుగుకొని, వేళ్ళ సందులు తుడుచుకొని, అరికాళ్ళు పరీక్షించుకోవాలి. కంటిచూపు తగ్గిన పెద్దలకు ఈ పని ఇంటిలోని పిల్లలు చేయవచ్చు. చిన్న పుండు కనిపించినా, నొప్పి లేదని ఊరుకోక, వెంటనే వైద్యునికి చూపించాలి.