వేసవిలో పూచెడి దేవగన్నేరు

ఏటేట వేసవి సెలవులకు పాఠశాల మూయగానే మన తోటకు కష్టకాలము వచ్చును. నల్లగొండ, మహబూబునగరము సీమల యెఱ్ఱ చల్కనేలలలో తడి నిలువదు. ఏప్రిలు, మే మాసములలో బావులు అడుగంటును. త్రాగునీటికే కఱవగు దినములలో పూలమొక్కలకు నీరు పోయుమని యెవరి నడుగగలము? జూనులో వచ్చి చూచునప్పటికి గులాబులును క్రోటనులును ఎండి పుల్లలై యుండును. అట్టి తోటలో నిండుగా పూచి మన కెదురు వచ్చునది దేవగన్నేరు.

దీని పుట్టినిల్లు మెక్సికో, మధ్య అమెరికా, వెస్టిండీసు దీవులు. ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడగు షార్ల్ ప్లూమియే (1646–1704) పేరిట దీనికి ‘ప్లుమేరియా’ యను శాస్త్రనామము కలిగినది. మన గన్నేరును ఈ కుటుంబములోనిదే. సాధారణముగా 15, 20 అడుగులకు మించదు గనుక చిన్న పెరటికిని తగును. దళసరి కొమ్మలలో నీరు దాచుకొనును. వానలు వెనుదీసిన పిమ్మట ఆకులు రాల్చి, ఆ నీటిని పొదుపుగా వాడుకొనును. ఇదియే దీని బ్రదుకు మర్మము.

మాఘ ఫాల్గుణములలో, ఆకులు లేనపుడు, ముదిరిన కొమ్మను మూరెడు పొడవున కోయవలెను. కారెడు పాలు కంటను నోటను పడనీయరాదు. కోసిన కొమ్మను వెంటనే నాటరాదు. 10, 15 దినములు నీడను ఆరనిచ్చినచో కోతపై పొర గట్టి కుళ్ళు సోకదు. పిమ్మట ఇసుక కలిపిన మన్నులో నాలుగైదంగుళముల లోతున నాటి, గాలికి కదలకుండ ఊతకఱ్ఱ కట్టవలెను. నల్లరేగడి యైనచో మట్టి యెత్తుగా పోసి, దానిపై నాటవలెను.

ఇక ముఖ్యమైన మాట. ఒక యేడు మేము రెండు కొమ్మలు నాటితిమి. ఒకదానికి ప్రేమతో ప్రతిదినము కడివెడు నీరు పోసితిమి. నెల తిరుగకమునుపే దాని మొదలు మెత్తబడి కుళ్ళిపోయెను. గోడమూలనున్న రెండవదానిని మఱచితిమి, అదియే బ్రదికినది! చిగురు కనబడగానే వేళ్ళూనినదని భ్రమపడరాదు. కొమ్మలోని నిలువ యాహారముతోనే తొలియాకులు పుట్టును. వేళ్ళు సాగుటకు ఆఱు మొదలు ఎనిమిది వారములు పట్టును. అందాక మన్ను బాగుగా ఆరినపుడెల్ల చెంబెడు నీరు చాలును. రెండు మూడేండ్లలో పూలు చూడవచ్చును.

విద్యార్థులారా! ఈసారి సెలవులకు పోవునపుడు తలకొక కొమ్మ ఇంటికి గొనిపోవుడు. మీ తల్లి దూరపు బావినుండి మోసికొనివచ్చు బిందెలో ఈ చెట్టు పాలు కోరదు. మీరు చేయవలసినదెల్ల, నీరు పోయవలెనని తొందరపడు చేతిని కొంచెము ఆపుకొనుటయే.