కాపురము మారునపుడు గాజుతొట్టిలోని చేప

కాపురము మార్చునపుడు గృహిణి వంటపాత్రలు మొదలు పిల్లల పుస్తకముల వఱకు అన్నిటిని లెక్క చూచుకొనును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో నివసించు మన తెలుగు సోదరీమణులు ఆ లెక్కలో మఱియొకటి చేర్చుకొనవలసియున్నది. అది పిల్లలు ముద్దుగా పెంచుకొను గాజుతొట్టిలోని చేప.

అచ్చట ఏ చేప నింట నుంచుకొనవచ్చునో నిర్ణయించునది ముఖ్యముగా ఆయా రాష్ట్రప్రభుత్వమే. ఒక రాష్ట్రమున అంగడిలో బాహాటముగా కొన్న చేప వేఱొక రాష్ట్రమున నిషిద్ధము కావచ్చును. వాడిపండ్ల పిరాన్హాను కొన్ని రాష్ట్రములలో పెంచుకొనవచ్చును. కాలిఫోర్నియా, టెక్సాసులలో కూడదు. కఱచు చేపలకే ఈ నిర్బంధమని తలపరాదు. జన్యువులు మార్చుటచే మిలమిల మెఱయు చిన్న గ్లోఫిష్ చేపలు ఇతర రాష్ట్రములలో అమ్ముడుపోవుచున్నను, కాలిఫోర్నియాలో 2015 వఱకు నిషిద్ధములై యుండెను. రాష్ట్రశాసనమునకు విరుద్ధమైన చేపను సరిహద్దు దాటించినచో, 1900లో వెలసిన లేసీ చట్టము క్రింద కేంద్రప్రభుత్వపు శిక్షయు తగులవచ్చును.

చేప విషయమున నింత కాఠిన్యమేల యని మీరడుగవచ్చును. మేరీలాండు రాష్ట్రమందలి క్రాఫ్టన్‌లో జరిగినది వినుడు. జబ్బుపడిన తోబుట్టువునకు చారు కాచి యిచ్చుటకై యొకాయన న్యూయార్కు నుండి రెండు చేపలను ప్రాణముతో తెప్పించెను. అంతలో ఆమె కోలుకొనెను. చేపలను చంప మనసొప్పక ఆయన తొట్టిలో పెంచి, అవి పెద్దవి కాగా సమీపమందలి కొలనులో విడిచెను. 2002లో చూడగా ఆ కొలనులో వాని పిల్లలు వేయికి పైగా నుండెను. అవి తక్కిన జలములకు వ్యాపింపకుండ అధికారులు కొలనులో మందు కలిపి అందలి చేపల నన్నిటిని చంపవలసివచ్చెను. దయతో చేసిన పని యెన్ని ప్రాణములను తీసెనో చూడుడు!

ఆ చేప మఱేదియో కాదు, మన కొరమీనునకు జ్ఞాతి. తెలంగాణ రాష్ట్రపు చేపగా గౌరవమందుకొన్న కొరమీనును మనము బజారులో ప్రాణముతో నుండగనే యేరి తెచ్చుకొందుము. నీటి వెలుపల సైతము గాలి పీల్చి కొంతసేపు బ్రతుకుట మనకు దాని గుణము. పరజలములందు అదియే దోషమైనది. 2002 అక్టోబరులో అమెరికా ప్రభుత్వము ఈ కుటుంబపు చేపల నన్నిటిని హానికరములని ప్రకటించి, అనుమతిపత్రము లేక వానిని ప్రాణముతో దేశములోనికి తేరాదని శాసించెను.

కావున సోదరీమణులారా, సామాను కట్టుటకు ముందే చేప శాస్త్రీయనామమును తెలిసికొనుడు. అంగడివారి ముద్దుపేరు చాలదు. చేరబోవు రాష్ట్రపు మత్స్య, వన్యప్రాణి శాఖవారి నడిగి సమాధానమును వ్రాతమూలముగా పొందుడు. దారిలో దాటవలసిన రాష్ట్రముల నియమములను గూడ విచారింపుడు. కూడదన్నచో అంగడివారికి తిరిగి యిండు. లేదా అచ్చటనే చట్టప్రకారము పెంచుకొనగల మిత్రుల కప్పగింపుడు. చెఱువులోగాని, కాలువలోగాని విడువకుడు. బంగారుచేప సైతము చెఱువున బడిన మిక్కిలి పెరిగి తక్కిన జీవులకు బాధ కలిగించును.

పిల్లలు కంటనీరు పెట్టుకొందురు, నిజమే. వారికి క్రాఫ్టన్ కొలను కథ చెప్పుడు. పెంచిన ప్రాణికి తగిన చోటు చూపి పోవుటయే నిజమైన ప్రేమయని వారు గ్రహింపగలరు.